కారు వెనక ఇల్లు.. ఇంటికి స్టెప్నీ ఎక్కడ? సొంతంగా బిగించుకునే ముందు తెలుసుకోవాల్సినవి

తెలుగునాట కారవాన్ అంటే ఇప్పటికీ చాలామందికి గుర్తొచ్చేది షూటింగ్ స్పాట్‌లో హీరో కోసం ఆగి ఉండే బండి. కానీ గత కొన్నేళ్లుగా ఆ మాటకు ఇంకో అర్థం కూడా స్థిరపడుతోంది. మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు అన్నీ బండిలోనే పెట్టుకుని కుటుంబంతో ఊళ్లు తిరిగేవాళ్లు పెరుగుతున్నారు. మహారాష్ట్ర, కేరళ 2021లో కారవాన్ టూరిజం కోసం ప్రత్యేక విధానాలు తెచ్చాయి. డబ్బున్నవాళ్లు కంపెనీలో తయారైన బండి కొంటారు. మిగతావాళ్లు పాత వ్యాన్‌ను మార్పించుకుంటారు, లేదంటే కారు వెనక తగిలించుకునే చిన్న ట్రైలర్‌ను తెలిసిన వెల్డింగ్ షాపులో చేయించుకుంటారు.

ఇలా చేయించుకునేటప్పుడు సోలార్ ప్యానెల్ ఎక్కడ పెట్టాలి, ఫ్రిజ్ ఏ సైజుది, పరుపు ఎంత మందం అనే వాటి మీద నెలల తరబడి చర్చ నడుస్తుంది. స్టెప్నీ సంగతి చివర్లో గుర్తొస్తుంది. అప్పటికి లోపల చోటు అయిపోయి ఉంటుంది. బండి కింద నీళ్ల ట్యాంకులు వచ్చి కూర్చుంటాయి. దాంతో ‘వెనకాల ఒక స్టాండు వెల్డింగ్ చేసి తగిలించేద్దాం’ అంటారు. గంటలో అయిపోయే పని, ఖర్చు కూడా పెద్దగా ఉండదు. చూడ్డానికి జీపులా బాగానే ఉంటుంది.

అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. ట్రైలర్ వెనక చివర తగిలించిన చక్రం బండి నడకను మార్చేస్తుంది. సరిగ్గా బిగించని స్టాండు కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత విరుగుతుంది. విరిగిన చక్రం పడేది వెనక వచ్చేవాళ్ల ముందు.

పేరు ఎక్కడి నుంచి వచ్చింది?

మెకానిక్ షెడ్డులో ‘స్పేర్ వీల్’ అంటే ఎవరూ పలకరు, ‘స్టెప్నీ’ అనాల్సిందే. ఇది బ్రిటన్‌లోని వేల్స్‌లో ఒక వీధి పేరు. మొదట్లో కార్లు అదనపు చక్రం లేకుండానే వచ్చేవి. పంక్చర్ అయితే రోడ్డు పక్కన కూర్చుని టైరు విప్పి అతుకు వేసుకోవాల్సిందే. లనెల్లి అనే ఊరికి చెందిన థామస్ మోరిస్ డేవిస్, వాల్టర్ డేవిస్ అనే అన్నదమ్ములు 1904లో దీనికి ఉపాయం కనిపెట్టారు. గాలి నింపిన టైరుతో ఉండే, కమ్మీలు లేని ఒక రిమ్మును పంక్చరైన చక్రానికే పక్కన క్లాంపులతో బిగించేవారు. వాళ్ల దుకాణం స్టెప్నీ స్ట్రీట్‌లో ఉండేది. అందుకే ఆ చక్రానికి స్టెప్నీ అని పేరు పెట్టారు. ఇంగ్లండ్‌లో ఆ మాట దాదాపు మాయమైంది. భారత్, బంగ్లాదేశ్, మాల్టా లాంటి చోట్ల మాత్రం నిలిచిపోయింది.

ఇప్పుడు మాట మిగిలింది కానీ వస్తువే తగ్గిపోతోంది. ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చర్ రిపేర్ కిట్, టైర్లలో గాలి ఎంతుందో చెప్పే వ్యవస్థ ఉంటే 3.5 టన్నుల లోపు ప్రయాణికుల కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని 2020 జులైలో కేంద్ర రవాణా శాఖ నిబంధనలు సవరించింది. నగరంలో తిరిగే కారుకు అది సరిపోవచ్చు. ట్రైలర్‌కు మాత్రం ఆ లెక్క పనికిరాదు.

ఎందుకంటే కారు టైరులో గాలి తగ్గితే స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుంది, డ్రైవర్‌కు తెలుస్తుంది. వెనక వచ్చే ట్రైలర్ టైరు సంగతి అంత తేలిగ్గా తెలియదు. రెండు ఇరుసులున్న పెద్ద ట్రైలర్ అయితే ఒక టైరు పూర్తిగా చదునైనా పక్క టైరు బరువు మోస్తూ పోతుంది. డ్రైవర్ గమనించేసరికి టైరు పీలికలై ఉంటుంది, కొన్నిసార్లు ఆ పీలికలే ట్రైలర్ అడుగు భాగాన్ని చీల్చేస్తాయి. అలాంటి టైరుకు రిపేర్ కిట్‌లోని జిగురు ఏమీ చేయలేదు. గుంతలో పడి టైరు పక్క గోడ చిట్లినా అంతే. పైగా చిన్న ట్రైలర్లకు కారు టైరు కన్నా చిన్న టైరు వేస్తుంటారు. అరకు ఘాట్‌లోనో నల్లమల దారిలోనో ఆ సైజు టైరు రాత్రి ఎనిమిదింటికి ఎవరి దగ్గరా దొరకదు.

అమెరికా బంపర్ నేర్పిన పాఠం

వెనక స్టాండు ఎందుకు ప్రమాదమో తెలియాలంటే ట్రావెల్ ట్రైలర్లు లక్షల్లో తిరిగే అమెరికాను చూడాలి. అక్కడ పికప్ ట్రక్కు వెనక ఇంత పెద్ద ఇల్లు తగిలించుకుని సెలవులకు పోవడం మధ్యతరగతి అలవాటు. చాలా మోడళ్లలో స్టెప్నీ అదనంగా డబ్బు కడితేనే ఇస్తారు. దాంతో కొన్నవాళ్లు సొంతంగా స్టాండు బిగించుకోవడం అక్కడ పాత ఆనవాయితీ.

ఆ ట్రైలర్ల వెనక బంపర్ నాలుగు అంగుళాల చదరపు గొట్టం. చూస్తే గట్టి ఇనుప దూలంలా ఉంటుంది. నిజానికి లోపల బోలు, రేకు మందం కూడా తక్కువ. చాలామంది దాని లోపల మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చేసే పైపు దాచుకుంటారు. అంటే అది గుద్దుకుంటే కాపాడే బంపర్ కన్నా పైపుల పెట్టె అనడమే సబబు. దానికి యూ ఆకారపు బోల్టులతో ఒక బ్రాకెట్ బిగించి స్టెప్నీ తగిలిస్తారు. మార్కెట్లో ఆ బ్రాకెట్లు రెడీగా దొరుకుతాయి. బ్రాకెట్ గట్టిదే, బంపర్ కూడా అప్పటికప్పుడు వంగదు. తెగేది ఆ బంపర్‌ను చాసిస్‌కు అతికిన వెల్డింగ్ దగ్గర.

చక్రం బరువు నేరుగా కిందకి లాగితే ఇంత నష్టం ఉండదు. అది బంపర్‌కు వెనకగా, కొంత దూరంలో వేలాడుతుంది. అందుకే గొట్టాన్ని మెలితిప్పుతుంది. ప్రతి గుంత దగ్గర, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆ మెలి ఒకసారి ఇటు, ఒకసారి అటు. బైండింగ్ వైరును చేత్తో లాగి తెంపలేం కానీ అటూ ఇటూ పదిసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది. ఇక్కడా అదే జరుగుతుంది, కాకపోతే నెమ్మదిగా. వెల్డింగ్ అంచున వెంట్రుక మందాన పగులు మొదలై రంగు కింద దాక్కుంటుంది. చివరికి ఒకరోజు బంపర్, బ్రాకెట్, చక్రం మూడూ కలిసే ఊడిపోతాయి.

అనుభవం మీద అక్కడివాళ్లు ఒక విరుగుడు కనిపెట్టుకున్నారు. బంపర్ రెండు చివర్ల నుంచి చాసిస్‌కు నేరుగా ఇనుప పట్టీలు బోల్టులతో బిగిస్తారు. వెల్డింగ్ తెగినా బంపర్ రోడ్డు మీద పడకుండా అవి పట్టుకుంటాయి. ఉపయోగమే, కానీ ఊడిపడకుండా చూసుకోవడం వరకే. చక్రం చివర ఉండటం వల్ల వచ్చే రెండో చిక్కును ఈ పట్టీలు తీర్చలేవు.

ముప్పై అయిదు కిలోలతో మారిపోయే లెక్క

ట్రైలర్ అంటే తూకంలో కాటా లాంటిది. ఇరుసు మధ్యలో ముల్లు, ముందు కొన కారు కొక్కేనికి తగులుతుంది. ఇరుసుకు ముందున్న బరువు కొక్కేన్ని కిందకి నొక్కుతుంది, వెనకున్న బరువు పైకి లేపుతుంది. ట్రైలర్ తిన్నగా రావాలంటే కొక్కెం మీద కొంత బరువు తప్పకుండా పడాలి. ఉత్తర అమెరికాలో మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం అక్కడ పడాలంటారు. వేగ పరిమితులు, ట్రైలర్ల తీరు వేరుగా ఉండే బ్రిటన్‌లో 5 నుంచి 7 శాతం చాలంటారు. అంకె ఏదైనా, ఆ బరువు బాగా తగ్గితే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. మొదట చిన్నగా ఊగి, ఆ తర్వాత ప్రతి ఊపూ పెద్దదవుతూ చివరికి కారునే తిప్పి పడేస్తుంది. లారీ పక్క నుంచి దూసుకుపోయినప్పుడు వచ్చే గాలి దెబ్బ చాలు, ఊపు మొదలవడానికి.

ఒక ఉదాహరణ చూద్దాం. ట్రైలర్ బరువు 600 కిలోలు, కొక్కెం నుంచి ఇరుసుకు 3 మీటర్లు, కొక్కెం మీద పడే బరువు 60 కిలోలు అనుకుందాం. అంటే 10 శాతం, మంచి తూకం. ఇప్పుడు 25 కిలోల చక్రం, 10 కిలోల స్టాండు, మొత్తం 35 కిలోలు ఇరుసుకు 2 మీటర్ల వెనక తగిలిద్దాం. 35ను 2తో హెచ్చవేసి 3తో భాగిస్తే 23 వస్తుంది. కొక్కెం మీద బరువు 60 నుంచి 37కు పడిపోయింది. ట్రైలర్ మొత్తం బరువు 635 కిలోలు అయింది కాబట్టి శాతం ఆరు కన్నా తక్కువ.

ఇంతటితో అయిపోదు. వెనక స్టాండు ఉంది కదా అని దాని పక్కనే 20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు పెడతారు. ఇరుసుకు మీటరున్నర వెనక 40 కిలోలు. ఇంకో 20 కిలోలు కొక్కెం మీద నుంచి లేచిపోయాయి. మిగిలింది సుమారు 17 కిలోలు, అంటే 675 కిలోల బండికి రెండున్నర శాతం. ఇంటి ముందు నిలబెట్టి చూస్తే ఏ తేడా కనిపించదు. చేత్తో ముందు భాగం ఎత్తితే తేలిగ్గా లేస్తుంది, ‘భలే తేలిగ్గా ఉందే’ అని సంతోషిస్తారు కూడా. 80 కిలోమీటర్ల వేగంలో దాని అసలు రూపం బయటపడుతుంది.

కొక్కెం బరువు ఒక్కటే కాదు, చివర ఉన్న బరువుకు ఊగడం మొదలైతే ఆగని గుణం కూడా ఉంది. మధ్యలో పట్టుకున్న కర్రకు రెండు చివర్లా రాళ్లు కట్టి అటూ ఇటూ తిప్పి చూస్తే ఇది చేతికే తెలుస్తుంది. ఈ ప్రభావం దూరంతో కాదు, దూరం వర్గంతో పెరుగుతుంది. ఇరుసుకు 60 సెంటీమీటర్ల దగ్గర ఉన్న చక్రంతో పోలిస్తే 2 మీటర్ల దూరంలో ఉన్న అదే చక్రం ఊపులో సుమారు 11 రెట్లు ఎక్కువ మొండితనం చూపిస్తుంది. అందుకే ట్రైలర్ వెనక స్టెప్నీ తగిలించాలనుకునేవాళ్లకు మొదటి సలహా, వీలైతే తగిలించొద్దనే.

కొక్కెం బరువు చూసుకోవడానికి వే బ్రిడ్జి అక్కర్లేదు. చిన్న ట్రైలర్‌కు ఇంట్లో మనుషులు బరువు చూసుకునే మిషన్ చాలు. చదునైన చోట ట్రైలర్ చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, కారుకు తగిలించినప్పుడు ఎంత ఎత్తులో ఉంటుందో అంతే ఎత్తు వచ్చేలా మిషన్ మీద గట్టి చెక్క దిమ్మె నిలబెట్టి, ముందు కొనను దాని మీద ఆనించాలి. సామాన్లు, నీళ్లు, సిలిండర్ అన్నీ ప్రయాణంలో ఉన్నట్టే ఉండాలి. ఖాళీ ట్రైలర్‌ను తూచి ప్రయోజనం లేదు.

మరి ఎక్కడ పెట్టాలి?

చాసిస్ కింద, ఇరుసుకు కాస్త ముందు. ట్రైలర్‌కు ఇంతకన్నా మంచి చోటు లేదు. పై ఉదాహరణలోనే ఇరుసుకు 60 సెంటీమీటర్లు ముందు పెడితే కొక్కెం మీద 7 కిలోలు మాత్రమే పెరుగుతాయి. తూకం దాదాపు చెక్కుచెదరదు, బరువు నేలకు దగ్గరగా ఉంటుంది. చాసిస్ రెండు పక్కల దూలాలకు అడ్డంగా రెండు యాంగ్లర్లు బిగించి, ఒక పక్క మడత బందు, ఇంకో పక్క పొడవాటి బోల్టుతో ఊయలలా చేయించుకోవచ్చు. బోల్టు విప్పితే ఒక పక్క కిందకి దిగుతుంది, చక్రం జారుతుంది.

దీనికీ లోపాలు ఉన్నాయి. బురద, తుప్పు సంగతి అందరికీ తెలిసిందే. చాలామందికి తట్టనిది ఇంకోటి ఉంది. టైరు చదునైనప్పుడు ట్రైలర్ ఆ పక్కకు కిందకి వాలుతుంది. ఇంటి దగ్గర సులువుగా బయటకొచ్చిన చక్రం రోడ్డు పక్కన నేలకూ ఊయలకూ మధ్య ఇరుక్కుంటుంది. ట్రైలర్‌ను ముందు జాకీతో లేపాలి, ఆ తర్వాత కింద చెయ్యి పెట్టాలి. జాకీ మీద నిలిచిన బండి కింద దూరడం ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే. అందుకే చక్రం పక్క నుంచి, ముఖ్యంగా ఎడమ పక్క నుంచి బయటకు వచ్చేలా ఊయలను అమర్చాలి. మన రోడ్ల మీద కుడి పక్కన కూర్చుని బోల్టు విప్పడమంటే లారీలకు వీపు చూపించడమే. గొలుసుతో పైకి లాగే వించ్ పెట్టుకున్నవాళ్లు ఏడాదికి రెండుసార్లైనా దాన్ని కిందకి దించి గ్రీజు పూయాలి. లేదంటే అవసరానికి అది కదలదు.

రెండో చోటు ట్రైలర్ ముందు, కొక్కేనికి వచ్చే త్రికోణపు చట్రం మీద. బిగించడం తేలిక, తీయడం తేలిక, రోజూ కంటికి కనిపిస్తుంది. కాకపోతే బరువంతా కొక్కెం మీదకు పోతుంది. ఇరుసుకు 2.4 మీటర్లు ముందు 35 కిలోలు పెడితే కొక్కెం మీద 28 కిలోలు పెరిగి 88 అవుతుంది, దాదాపు 14 శాతం. ట్రైలర్‌కు ఇబ్బంది లేదు, కారు సంగతి చూడాలి. కారు కొక్కెం ఎంత మోస్తుందన్నది కారు కంపెనీ పుస్తకంలోనో, కొక్కెం మీద కొట్టిన ప్లేటు మీదో ఉంటుంది. చిన్న కార్లకు ఆ పరిమితి తక్కువ. అది దాటితే కారు వెనక భాగం కుంగి, ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది. మలుపుల్లో త్రికోణం మీదున్న టైరు కారు డిక్కీకి తగలకుండా కూడా చూసుకోవాలి.

పైకప్పు మీద పెట్టడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పాతిక కిలోల చక్రాన్ని తల పైనుంచి ఒంటరిగా దించగలిగితే పెట్టుకోవచ్చు.

ట్రైలర్ కాకుండా మార్పించుకున్న వ్యాన్ అయితే కొక్కెం లెక్క ఉండదు కాబట్టి వెనక పెట్టడం అంత ప్రమాదం కాదు. అక్కడ వచ్చే చిక్కు తలుపు. థార్, జిమ్నీ, పాత ఎకోస్పోర్ట్ లాంటివి వెనక తలుపుకే చక్రం మోస్తాయి కదా అని వ్యాన్ తలుపుకూ బిగిస్తారు. ఆ బండ్ల తలుపు, బందులు, తలుపు చట్రం ఆ బరువు కోసమే గట్టిగా తయారైనవి. మామూలు వ్యాన్ తలుపు రేకు, దాని బందులు తలుపు బరువుకు సరిపడా మాత్రమే ఉంటాయి. కొన్నాళ్లకు తలుపు కిందకి దిగుతుంది, వానకు నీళ్లు కారతాయి, చివరికి బందు దగ్గర రేకు చిరుగుతుంది. వ్యాన్‌కు వెనక స్టాండు కావాలంటే అది చాసిస్ నుంచి రావాలి, తలుపు తెరవడానికి విడిగా పక్కకు తిరగాలి. మూసినప్పుడు రెండో చివర కూడా చాసిస్‌కే తాళం పడాలి. ఒక్క బందు మీద వేలాడే స్టాండు ప్రతి గుంతకూ డోలక్ వాయిస్తూనే ఉంటుంది.

వెల్డింగా, బోల్టా?

వెల్డింగ్ షాపులో ఎవరైనా మొదట చెప్పేది ‘బోల్టు ఎందుకు సార్, టాక్ వేసేద్దాం, జన్మలో ఊడదు’ అనే. స్టాండు ముక్కలను ఒకదానికొకటి వెల్డింగ్ చేయడం సరైనదే. ఆ స్టాండును చాసిస్‌కు వెల్డింగ్ చేయడం మాత్రం వద్దు. కంపెనీ చాసిస్‌లో వాడే ఉక్కు చాలా సందర్భాల్లో ఎక్కువ బలం ఉన్న రకం. వెల్డింగ్ వేడికి ఆ అతుకు చుట్టూ ఉక్కు గుణం మారి, పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. బోల్టు వదులైతే కనిపిస్తుంది, చప్పుడు చేస్తుంది, బిగించొచ్చు. చాసిస్‌లో పగులు చప్పుడు చేయదు.

బోల్టుకైనా రంధ్రం ఎక్కడ వేస్తున్నామన్నది ముఖ్యం. చాసిస్ దూలం సాధారణంగా ఇంగ్లిష్ ‘సి’ అక్షరంలా ఉండే ఛానల్. దాని నిలువు గోడలో, మధ్య భాగంలో రంధ్రం వేయొచ్చు. పైనా కిందా ఉండే రెక్కల్లో వేయకూడదు. బండి బరువుకు దూలం వంగేటప్పుడు లాగుడు, నొక్కుడు అంతా పడేది ఆ రెక్కల మీదే. రంధ్రం వేయకుండా రెండు ప్లేట్ల మధ్య దూలాన్ని బిగించే పద్ధతి ఇంకా మేలు.

బోల్టు తల మీద 8.8 అని ఉందో లేదో చూసి కొనాలి. అది బలాన్ని తెలిపే గుర్తు. ఏ గుర్తూ లేని మెత్తటి బోల్టు కన్నా అది చాలా ఎక్కువ లాగుడును తట్టుకుంటుంది, ధరలో తేడా పది, ఇరవై రూపాయలే. నట్టు లోపల నైలాన్ రింగు ఉండే రకం వాడితే కుదుపులకు తిరిగి వదులు కాదు. పలుచటి రేకుకు బిగించాల్సి వస్తే లోపలి వైపు అరచేయంత మందపాటి ప్లేటు వేయాలి, ఉత్త వాషర్ రేకులోకి దిగిపోతుంది.

బలం లెక్కలో నిలకడగా ఉన్న బరువును చూడకూడదు. 35 కిలోల స్టాండు, చక్రం కలిపి స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరి దిగినప్పుడు మూడు రెట్లు బరువు చూపించాయనుకుంటే అది 105 కిలోలు. అంటే స్టాండు మీద ఒక పెద్దమనిషి ఎక్కి గెంతినట్టు. కట్టిన రోజే నిజంగా ఒక మనిషిని ఎక్కించి ఊపి చూడటం నాటు పరీక్షే కానీ, వంగేది ఏదైనా ఉంటే ఇంటి దగ్గరే తెలిసిపోతుంది. చక్రాన్ని స్టాండుకు ఒకే బోల్టుతో నడుమ బిగించడం కూడా తప్పే. చక్రం స్టడ్ రంధ్రాల్లో కనీసం మూడింటికి నట్లు పడాలి. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత ఆగి అన్ని నట్లూ మళ్లీ బిగించాలి. కొత్త రంగు, కొత్త ప్లేట్లు సర్దుకుని కొంత వదులవడం మామూలే.

ఆర్‌టీఓ ఏమంటారు?

చాలామంది ట్రైలర్‌ను కారుకు తగిలించే సామాను అనుకుంటారు. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 2(28) ప్రకారం ట్రైలర్ కూడా ‘మోటారు వాహనమే’. దానికి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. మొత్తం బరువు 750 కిలోల లోపు ఉంటే టీ1, అది దాటి 3.5 టన్నుల వరకు టీ2 అని వర్గాలు. 740 కిలోలకు రిజిస్టర్ చేసిన ట్రైలర్‌కు స్టెప్నీ, స్టాండు కలిపితే వర్గమే మారిపోవచ్చు.

సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే సెక్షన్‌ను గట్టిగా చదివి, కేరళ హైకోర్టు ఇచ్చిన సడలింపును కొట్టేసింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో సెక్షన్ 182ఏ మారింది. దాని ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

మరి స్టెప్నీ స్టాండు ‘మార్పు’ కిందకు వస్తుందా? రిజిస్ట్రేషన్ పత్రంలో రాసిన బరువు, బాడీ రకం లాంటివి మారుతున్నాయా అన్నది చూడాలి. చాసిస్ కింద, బండి కొలతల లోపలే బోల్టులతో బిగించి, విప్పితే ఆనవాలు మిగలని ఊయల మీద పేచీ రావడం అరుదు. బండి పొడవును అరడుగు పెంచి, నంబర్ ప్లేటునో వెనక లైటునో కప్పేసే స్టాండును ట్రాఫిక్ పోలీసు ఆపకపోతేనే ఆశ్చర్యం. టైరు నీడలో పడిన ఇండికేటర్ వెనక డ్రైవర్‌కు కనిపించదు కాబట్టి అలా ఆపడం న్యాయం కూడా. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ సర్వేయర్ అడిగే మొదటి ప్రశ్నల్లో ఇది ఒకటవుతుంది. అందుకే కొత్తగా ట్రైలర్ చేయించుకునేవాళ్లు రిజిస్ట్రేషన్‌కు ముందే స్టెప్నీని డిజైన్‌లో కలిపి, దానితో సహా తూచి పత్రాల్లోకి ఎక్కించుకోవడం తెలివైన పని.

వ్యాన్‌ను కారవాన్‌గా మార్పించడం ఇంతకన్నా పెద్ద వ్యవహారం. మోటార్ కారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. బాడీ రకం మారుతుంది కాబట్టి ఆర్‌టీఓ అనుమతి లేకుండా మొదలుపెట్టకూడదు.

చివరికి టైరు

ట్రైలర్ సొంతంగా చేయించుకునేవాళ్లకు కంపెనీ ట్రైలర్ కొన్నవాళ్లకు లేని ఒక వెసులుబాటు ఉంది. లాగే కారుకున్న చక్రాల సైజు, స్టడ్‌ల సంఖ్య, వాటి మధ్య దూరం సరిపోయేలా ట్రైలర్ హబ్బులను ఎంచుకోవచ్చు. అప్పుడు ఒకే స్టెప్నీ రెండింటికీ పనికొస్తుంది. కారులో ఉన్నదే వాడుకుంటే ట్రైలర్‌కు స్టాండు అవసరమే తగ్గుతుంది. ఎడారుల్లో తిరిగే ఆస్ట్రేలియా ట్రైలర్లు చాలావాటిలో ఈ ఏర్పాటు ఉంటుంది. అయితే టైరు మీద రాసిన లోడ్ ఇండెక్స్ ట్రైలర్ బరువుకు సరిపోతుందా అన్నది చూడాలి.

బయట వేలాడే స్టెప్నీ కదలకపోయినా ముసలిదవుతుంది. ఎండకు రబ్బరు ఎండి పక్క గోడల్లో సన్నటి నెర్రెలు వస్తాయి. టైరు పక్కన ఉండే నాలుగంకెల ముద్ర దాని పుట్టిన తేదీ. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. అరుగుదల లేదు కాబట్టి కొత్తదే అనుకుని పదేళ్ల నాటి స్టెప్నీతో శ్రీశైలం ఘాట్ ఎక్కేవాళ్లు ఉన్నారు. కవరు తొడగడం, నెలకోసారి గాలి చూడటం పెద్ద పనేం కాదు. కానీ గాలి పట్టే వాల్వు స్టాండు వెనక దాక్కుంటే ఆ పని ఎవరూ చేయరు. అందుకని బిగించేటప్పుడే వాల్వు ఎటు తిరిగి ఉందో చూసుకోవాలి.

స్టాండు తయారయ్యాక, సామాన్లన్నీ ఎక్కించి, ఇంటి ముందే ట్రైలర్ చక్రంలో గాలి పూర్తిగా తీసేసి, బండితో పాటు వచ్చే పనిముట్లతోనే చక్రం మార్చి చూడాలి. కారు జాకీ ట్రైలర్ ఇరుసు ఎత్తుకు చాలదని, వీల్ స్పానర్ సైజు వేరని, స్టెప్నీ బయటకు రావాల్సిన దారిలో నీళ్ల కుళాయి ఉందని ఎక్కువగా అప్పుడే తెలుస్తుంది. జాకీ కింద వేసుకోవడానికి అడుగున్నర చెక్క ముక్క ఒకటి కూడా ఆ రోజే బండిలో చేరాలి. వాన పడిన మట్టి అంచున జాకీ బండిని లేపే బదులు తానే నేలలోకి దిగుతుంది.